పీజే హార్వీ రీఇష్యూలు: ఏ ఆల్బమ్ పక్కన డెమో కొనాలి, దేనికి అక్కర్లేదు

బ్రిటిష్ టీవీ సిరీస్ పీకీ బ్లైండర్స్ రెండో సీజన్ చూసినవాళ్ల చెవిన ఈ గొంతు ఇప్పటికే పడి ఉంటుంది. పొగలు కక్కే బర్మింగ్‌హామ్ వీధుల్లో షెల్బీ అన్నదమ్ములు నడిచొస్తుంటే వెనకాల ఒక ఆడగొంతు, కాసేపు గుసగుసగా, కాసేపు గోడలు అదిరేలా వినపడుతుంది. ఆ గొంతు పాలీ జీన్ హార్వీది. సిరీస్ టైటిల్ పాట ‘రెడ్ రైట్ హ్యాండ్’ ఆస్ట్రేలియా గాయకుడు నిక్ కేవ్‌ది, దాన్ని హార్వీ కూడా పాడింది. చాలామంది అక్కడితో ఆగిపోయారు. ఇంకాస్త ముందుకెళ్తే 1992 నుంచి 2023 దాకా సొంతంగా చేసిన 10 స్టూడియో ఆల్బమ్‌లున్నాయి, సంగీతకారుడు జాన్ పారిష్‌తో కలిసి చేసిన రెండున్నాయి. బ్రిటన్‌లో ఏటా ఒకే ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్‌ని రెండుసార్లు (2001, 2011) గెలిచింది ఇప్పటిదాకా ఈమె ఒక్కతే.

2020 జులైలో ‘డ్రై’తో మొదలుపెట్టి 2022లో ‘ద హోప్ సిక్స్ డెమోలిషన్ ప్రాజెక్ట్’ దాకా ఆమె పాత ఆల్బమ్‌లన్నీ వరసగా ఎల్పీ (వినైల్ రికార్డు) మీద మళ్లీ వచ్చాయి. ఆమె సొంత ఆల్బమ్‌లు ఒక్కొక్కదానికీ పక్కనే డెమోల ఆల్బమ్ విడిగా వేశారు. ‘రిడ్ ఆఫ్ మీ’ సంగతి కాస్త వేరు, మిగతా వాటిలో అవే పాటలు, అదే వరస. తేడా ఒక్కటే, అవి స్టూడియోకి, బ్యాండ్‌కి చేరకముందు ఆమె తన కోసం తాను రికార్డు చేసుకున్న రూపాలు. అదే ఏడాది నవంబర్‌లో మిగతా ముక్కలన్నీ కలిపి 59 పాటల సెట్ ఒకటి విడుదలైంది.

అన్నీ కొనాలంటే డబ్బు బాగా అవుతుంది, ఇంట్లో ఒక అర నిండిపోతుంది. అన్నీ అక్కర్లేదు కూడా. కొన్నిచోట్ల డెమో లేకుండా అసలు ఆల్బమ్ సగమే అర్థమవుతుంది, కొన్నిచోట్ల రెండూ ఒకటే. ఏది ఏదో తేల్చి చెప్పడమే ఈ రివ్యూ పని.

ముందు డెమో ఎందుకు అలా వినిపిస్తుందో చూద్దాం. హార్వీ తొలి రోజుల డెమోలు ఫోర్-ట్రాక్ క్యాసెట్ రికార్డర్ మీదివి. మామూలు క్యాసెట్‌లో ఒకవైపు ఎడమ, కుడి అని రెండు ట్రాక్‌లుంటాయి, తిప్పి వేస్తే ఇంకో రెండు. ఫోర్-ట్రాక్ యంత్రం ఆ నాలుగింటినీ ఒకే దిశలో వాడేస్తుంది కాబట్టి ఆ క్యాసెట్‌కి రెండో వైపు ఉండదు. చాలా యంత్రాలు టేపుని రెట్టింపు వేగంతో లాగుతాయి, అందుకని 60 నిమిషాల క్యాసెట్‌లో పట్టేది 15 నిమిషాలే. నాలుగు ట్రాక్‌లు చాలకపోతే, మూడింటి మీద వాయించింది కలిపి నాలుగోదాని మీదకి దించుతారు, మళ్లీ మూడు ఖాళీ అవుతాయి. దీన్నే బౌన్స్ అంటారు. ఒకసారి దించాక గిటార్ ఎక్కువైందనిపించినా వెనక్కి తియ్యడం కుదరదు. దించిన ప్రతిసారీ టేపు హిస్ (సన్నని బుస) ఒక పొర పేరుకుంటుంది, పై స్థాయి శబ్దాలు మొద్దుబారతాయి. ఈ కట్టుబాటులో పాట చేసేవాళ్లు దేన్ని ఉంచాలి, దేన్ని వదిలెయ్యాలి అన్నది ముందే తేల్చుకోక తప్పదు. హార్వీ పాటల్లో అనవసరపు వాయిద్యం కనపడకపోవడం ఈ అలవాటు చలవే అనిపిస్తుంది.

‘డ్రై’ 1992 మార్చిలో టూ ప్యూర్ అనే చిన్న లేబుల్ మీద వచ్చింది. గిటార్, గొంతు హార్వీ, డ్రమ్స్ రాబ్ ఎలిస్, బేస్ స్టీవ్ వాన్. అప్పట్లో ఈ ముగ్గురి బ్యాండ్ పేరే పీజే హార్వీ. రికార్డింగ్ ఇంగ్లండ్ నైరుతి మూలన యోవిల్ అనే ఊళ్లో జరిగింది, ఆమె పెరిగిన డోర్సెట్ పల్లెకి దగ్గర్లోనే. అప్పటికి ఆమెకి 22 ఏళ్లు. ఆ ఏడాది రోలింగ్ స్టోన్ పత్రిక ఉత్తమ గీతరచయిత అనీ, ఉత్తమ కొత్త గాయని అనీ రెండు గుర్తింపులూ ఆమెకే ఇచ్చింది. దీని డెమోలు అప్పట్లోనే తొలి కాపీలతో పరిమితంగా ఇచ్చి తర్వాత కనపడకుండా పోయాయి. విడిగా అందరికీ దొరకడం 2020లోనే. వినాల్సినవే, కానీ స్ట్రీమింగ్‌లో వింటే సరిపోతుంది. ఎందుకంటే ఈ ఆల్బమే డెమోకి బాగా దగ్గరగా ఉంటుంది. ‘షీలా-నా-గిగ్’ ఒక్కటి మాత్రం రెండు రూపాల్లోనూ వెంటవెంటనే వినండి. బ్యాండ్ లేనప్పుడు గిటార్ కొట్టే చెయ్యే డ్రమ్స్ పని కూడా చేసేస్తుంది.

‘రిడ్ ఆఫ్ మీ’ దగ్గర కథ మారిపోతుంది, ఇక్కడ కాస్త ఆగాలి. 1992 డిసెంబర్‌లో ఈ ముగ్గురూ అమెరికా మిన్నెసోటాలో కానన్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లోని పాకిడెర్మ్ స్టూడియోకి వెళ్లి రికార్డింగ్ ఇంజినీర్ స్టీవ్ ఆల్బినీతో రికార్డు చేశారు. 1993 ఫిబ్రవరిలో అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణా ఆల్బమ్ ‘ఇన్ యుటెరో’కి అదే స్టూడియో, అదే ఆల్బినీ. ఆయన పద్ధతి ఏమిటంటే బ్యాండ్ గదిలో వాయిస్తుంటే గది ఎలా మోగుతుందో దాన్ని అలాగే పట్టుకోవడం. డ్రమ్స్‌కి దగ్గర్లోనే కాదు, దూరంగా కూడా మైకులు పెట్టేవాడు. గొంతుని పైకి లేపి ముందు నిలబెట్టేవాడు కాదు, అది కూడా గదిలో ఒక వాయిద్యమే. ఫలితంగా ఈ రికార్డులో మాట కోసం వినేవాళ్లు వెతుక్కోవాల్సి వస్తుంది.

మొదటిసారి వినేవాళ్లు చేసే పొరపాటు ఎప్పుడూ ఒకటే. టైటిల్ పాట మొదలవగానే ఏమీ వినపడదు. గిటార్ తీగల్ని అరచేత్తో అదిమిపెట్టి చిన్నగా కొడుతుంటుంది, గొంతు పెదవి దాటదు. సరిగ్గా మోగట్లేదేమో అనుకుని వాల్యూమ్ పెంచుతారు. దాదాపు రెండు నిమిషాలు అలాగే సాగి, పల్లవిలో డ్రమ్స్ ఒక్కసారిగా మీద పడతాయి. హెడ్‌ఫోన్స్ ఉంటే చెవి గింగురుమంటుంది, చిన్న స్పీకర్లయితే కోన్ కొట్టుకుంటుంది. కాబట్టి రెండో పాట ‘మిస్డ్’ పెట్టి దానికి సరిపడా వాల్యూమ్ కుదుర్చుకుని, అప్పుడు మొదటి పాటకి రండి. తర్వాత నాబ్ ముట్టుకోవద్దు. ఆ మొదటి రెండు నిమిషాలు వినపడీ వినపడనట్టు ఉండటమే ఆ పాటకి ప్రాణం. స్పాటిఫైలో వినేవాళ్లు సెట్టింగ్స్‌లో వాల్యూమ్ లెవెల్ ‘లౌడ్’ మీద ఉంటే మార్చండి. ఆ సెట్టింగ్‌లో లిమిటర్ పనిచేసి ఎత్తుపల్లాల్ని చదును చేస్తుంది. ‘నార్మల్’ ఫర్వాలేదు, నార్మలైజేషన్ (పాటలన్నిటి వాల్యూమ్ ఒకటి చెయ్యడం) పూర్తిగా ఆపేస్తే ఇంకా మేలు. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వినొద్దు, సగం పాట పోతుంది.

ఈ ఆల్బమ్‌కి జోడీ ‘ఫోర్-ట్రాక్ డెమోస్’. ఇది కొత్తగా బయటికి తీసింది కాదు, 1993లోనే, ఆల్బమ్ వచ్చిన అయిదారు నెలలకే వేశారు. 14 పాటల్లో ఎనిమిది ‘రిడ్ ఆఫ్ మీ’వి, ఆరు ఆ ఆల్బమ్‌లో లేనివి. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి వింటే ఒక రచయిత పాట ఎలా కడుతుందో కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది. టైటిల్ పాటలో పై స్థాయిలో వచ్చే ఆ సన్నని, వణికించే గొంతునే తీసుకోండి. ఆల్బమ్‌లో అది డ్రమ్మర్ రాబ్ ఎలిస్ పాడింది, మగవాడు కీచుగొంతు పెట్టి పాడటం. డెమోలో ఆ గొంతు కూడా హార్వీదే. ఆల్బమ్‌లో ఇద్దరు మనుషులు కొట్లాడుకుంటున్నట్టుంటే, డెమోలో ఒకే మనిషి తనతో తాను కొట్లాడుతున్నట్టుంటుంది. పాట అర్థమే మారిపోతుంది. ‘స్నేక్’ నిమిషంన్నర పాట. ఆల్బమ్‌లో గది అరుస్తుంది, డెమోలో ఆమె మీ చెవి పక్కనే అరుస్తుంది. భయం ఏది ఎక్కువ పుట్టిస్తుందంటే, నా లెక్కలో డెమోయే.

అయినా ‘ఫిఫ్టీ ఫుట్ క్వీనీ’కి ఆల్బమ్ రూపమే గొప్పది. తనకి తానే రాణినని చాటింపు వేసుకుంటూ అంగుళాల లెక్క పెంచుకుంటూ పోయే పాట అది, రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. ఆ గొప్పలకి డ్రమ్స్ మోత తోడు కావాలి. చిన్న విషయం ఒకటి: ‘డ్రై’ అనే పాట ‘డ్రై’ ఆల్బమ్‌లో లేదు, ‘రిడ్ ఆఫ్ మీ’లో ఉంది. సెర్చ్ చేసి దొరకలేదని కంగారు పడకండి.

ఈ జోడీ తప్పకుండా కొనాలి. ఒక హెచ్చరిక. ‘రిడ్ ఆఫ్ మీ’ మొత్తం 48 నిమిషాల దాకా ఉంటుంది, ఒకే ఎల్పీ. అంటే వైపుకి 24 నిమిషాలు. ఎల్పీకి ఒకవైపు 20 నిమిషాలు దాటితే సూది నడిచే గాళ్లు దగ్గర దగ్గరగా చెక్కాలి, శబ్దం స్థాయి తగ్గించాలి. పైగా మధ్యకి వెళ్లేకొద్దీ ఒక చుట్టుకి దొరికే పొడవు తగ్గుతుంది కాబట్టి చివరి పాటల్లో శబ్దం చిట్లినట్టు వినపడే ప్రమాదం ఉంది. గుండ్రటి మొన ఉన్న చవక సూదితో అయితే ఆఖరి పాట ‘ఎక్స్‌టసీ’ గరగరలాడుతుంది. ఎలిప్టికల్ సూది ఉంటే ఇబ్బంది చాలా తగ్గుతుంది. అది కూడా లేకపోతే ఈ ఒక్క ఆల్బమ్‌కి సీడీయే మంచిది.

1993 వేసవి తర్వాత ఆ ముగ్గురి బ్యాండ్ విడిపోయింది. 1995 ఫిబ్రవరిలో ‘టు బ్రింగ్ యు మై లవ్’తో హార్వీ ఒంటరిగా తిరిగొచ్చింది, ఈసారి ఫ్లడ్ అనే పేరున్న ప్రొడ్యూసర్, జాన్ పారిష్‌లతో కలిసి ప్రొడ్యూస్ చేస్తూ. చేతిలో గిటార్ కన్నా ఆర్గాన్, కీబోర్డు ఎక్కువ. టైటిల్ పాట అయిదున్నర నిమిషాలు, గిటార్ ఒకే చిన్న వరసని తిప్పితిప్పి వాయిస్తూ ఉంటుంది. ఊపు ఎక్కడ వస్తుందా అని ఎదురుచూస్తాం, అది డ్రమ్స్ నుంచి రాదు, గొంతు నుంచి వస్తుంది. అడుగునుంచి మొదలై మెల్లగా పైకెక్కి గొంతు చిరిగేదాకా పోతుంది. ‘డౌన్ బై ద వాటర్’ అమెరికాలో మోడరన్ రాక్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. కూతుర్ని నీళ్లపాలు చేసిన తల్లి పాట అది. చివర్లో చేపల్ని పిలిచి నా బిడ్డని తెచ్చివ్వమని గుసగుసగా అడుగుతుంది, పిల్లల పాట వరసలో. చేసిన పని ఎంత ఘోరమో ఆ వరస వల్లే వెన్నులో దిగుతుంది.

డెమోల్లో అన్నిటికన్నా విలువైనది ఈ ఆల్బమ్‌దే. కారణం చెప్తాను. పేరున్న ప్రొడ్యూసర్ పక్కనుంటే పాట గొప్పతనంలో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో, ఊరికే లేస్తుంటుంది. ఈ డెమోలు వింటే ఆ ప్రశ్నకి తావుండదు. బేస్ గురగుర, కీబోర్డు వరస, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గుసగుసలాడాలో అన్న తీర్మానాలు ఫ్లడ్ దగ్గరికి వెళ్లకముందే అయిపోయాయి. ఫ్లడ్, పారిష్ చేసింది ఆ ఎముకల గూడుకి కండ పట్టించడం. వాళ్ల పని చిన్నదని కాదు. ‘వర్కింగ్ ఫర్ ద మ్యాన్’లో గొంతుని దుప్పటి కిందనుంచి వస్తున్నట్టు అణిచిపెట్టిన తీరు, ఆ అడుగు బేస్, వింటే తెలుస్తుంది వాళ్ల పనితనం. ఈ సిరీస్‌లో ఒకే ఒక్క డెమో కొనే డబ్బుంటే దీనికే పెట్టండి.

‘ఈజ్ దిస్ డిజైర్?’ (1998) అమ్మకాల్లో వెనకబడింది, నన్నడిగితే ఈమె ఆల్బమ్‌లలో అన్యాయం జరిగింది దీనికే. ఎలక్ట్రానిక్ శబ్దాలు, అడుగు స్థాయి బేస్, ఒక్కో పాటలో ఒక్కో ఆడమనిషి కథ. ‘ద విండ్’ డోర్సెట్‌లోని ఆబట్స్‌బరీలో కొండ మీది సెయింట్ కేథరిన్ చాపెల్ చుట్టూ తిరుగుతుంది. గాలి గుసగుసని గొంతుతోనే చేసింది. ‘మై బ్యూటిఫుల్ లియా’, ‘ఎలక్ట్రిక్ లైట్’ చిన్న బ్లూటూత్ స్పీకర్ మీద పెడితే పాట కింది సగం మాయమైపోయి, ఇదేం రికార్డింగ్ అనిపిస్తుంది. తప్పు రికార్డింగ్‌ది కాదు. పెద్ద స్పీకర్లో, మంచి హెడ్‌ఫోన్సో ఉంటేనే దీన్ని ముట్టుకోండి. డెమో ఉపయోగం ఇక్కడ వేరు. ఆ బేస్ బరువు లేకుండా బాణీ ఎలా ఉందో వినొచ్చు. స్ట్రీమింగ్ చాలు.

కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సింది ‘స్టోరీస్ ఫ్రమ్ ద సిటీ, స్టోరీస్ ఫ్రమ్ ద సీ’తో. 2000 అక్టోబర్‌లో వచ్చింది. న్యూయార్క్‌లో ఉన్న నెలల ఛాయ అంతటా ఉంటుంది. గిటార్లు తేటగా మోగుతాయి, గొంతు విచ్చుకుంటుంది, పల్లవి ఒక్కసారికే నోటికొస్తుంది. 2001 సెప్టెంబర్ 11న దీనికి మెర్క్యురీ ప్రైజ్ ప్రకటించినప్పుడు ఆమె టూర్‌లో వాషింగ్టన్‌లో ఉంది. అదే రోజు పెంటగన్ మీద దాడి జరిగింది. ఫోన్‌లోనే కృతజ్ఞతలు చెప్పింది. ఆ ప్రైజ్ సోలోగా గెలిచిన తొలి మహిళ ఆమె.

ఈ డెమోలో ఒక్క పాట కోసమైనా వెతకాలి: ‘దిస్ మెస్ వియర్ ఇన్’. ఆల్బమ్‌లో ఇది రేడియోహెడ్ గాయకుడు థామ్ యార్క్‌తో యుగళగీతం, చరణాలు ఎక్కువగా ఆయనవే. డెమోలో రెండు గొంతులూ హార్వీయే. విడిపోతున్న ఇద్దరి పాట కాస్తా, ఎదుటివాడి మాటల్ని కూడా తానే గుర్తు చేసుకుంటున్న మనిషి పాట అయిపోతుంది. మిగతా డెమోలు ఆల్బమ్‌ని దాటవు. ఇక్కడ అసలు ఆల్బమే కొనండి.

‘ఉహ్ హుహ్ హర్’ (2004) డ్రమ్స్ తప్ప అన్నీ తానే వాయించి, తానే ప్రొడ్యూస్ చేసింది. అసలు రికార్డే డెమోలా గరుగ్గా ఉన్నప్పుడు డెమోకి విడిగా డబ్బు పెట్టడం దండగ.

‘వైట్ చాక్’ (2007) సంగతి వేరు. గిటార్ పక్కన పెట్టి, అంతగా చెయ్యి తిరగని పియానో ముందు కూర్చుంది. గొంతుని కూడా తన సహజ స్థాయి వదిలి పైకి, దాదాపు పిల్లగొంతు దాకా తీసుకెళ్లింది. 11 పాటలు, 34 నిమిషాలు. ఆఖరి పాట ‘ద మౌంటెన్’ చివర్న ఒక కేక ఉంటుంది, అప్పటిదాకా బిగబట్టినదంతా అందులో పోతుంది. ఎల్పీకి ఇంతకన్నా అనువైన నిడివి ఉండదు, వైపుకి 17 నిమిషాలే. కానీ సంగీతం మెత్తగా ఉండటంతో దుమ్ము, గీత, స్టాటిక్ చిటపట అన్నీ బయటపడిపోతాయి. కొత్త కాపీ అయినా కవర్లోంచి తీయగానే పెట్టకుండా కార్బన్ ఫైబర్ బ్రష్‌తో ఒకసారి తుడవండి. అప్పటికీ చిటపటలుంటే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి పూర్తిగా ఆరాక వినండి. కుళాయి నీళ్లు వాడితే ఆరాక గాళ్లలో ఉప్పు తేలుతుంది.

ఇక ‘లెట్ ఇంగ్లండ్ షేక్’. 2011 ఫిబ్రవరిలో వచ్చింది, రెండో మెర్క్యురీ దీనిదే. ఈమె చేసిన పనిలో శిఖరం ఇదేనని నా గట్టి నమ్మకం. డోర్సెట్ తీరంలో ఈప్ అనే ఊళ్లో కొండ అంచునున్న చర్చిలో, 2010 ఏప్రిల్, మే నెలల్లో అయిదు వారాల పాటు రికార్డు చేశారు. ఫ్లడ్, పారిష్, మిక్ హార్వీ (చుట్టం కాదు, ఆస్ట్రేలియా సంగీతకారుడు) తోడున్నారు. ఈసారి చేతిలో ఆటోహార్ప్. మన స్వరమండలం లాంటి తీగల పెట్టె అనుకోండి. మీట నొక్కితే కొన్ని తీగల మీద బద్ద పడి అవి మూగబోతాయి, మిగిలినవి కలిసి ఒక కార్డ్ పలుకుతాయి. ధ్వని తేలిగ్గా, తళతళలాడుతూ ఉంటుంది. యుద్ధాల గురించిన పాటలకి ఇంత తేలిక ధ్వని ఎంచుకోవడంలోనే ఆమె ఉపాయం ఉంది. వరస హాయిగా తలూపిస్తుంది, మాట విన్నాక ఆ తల ఆగిపోతుంది.

చాలా పాటలకి నేపథ్యం మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 నాటి గల్లిపోలి పోరు. ‘ద గ్లోరియస్ ల్యాండ్’ మొదట్లోనే ఒక బ్యూగిల్ కూత పాట తాళానికీ, శ్రుతికీ సంబంధం లేకుండా అడ్డొస్తుంది. ఫోన్‌లో ఇంకేదో మోగుతోందనుకుని పాట ఆపేసేవాళ్లుంటారు. ఆపకండి, అది కావాలని పెట్టిందే. సైన్యం పిలుపు పల్లె పాట మధ్యలోకి చొరబడటం అది. ‘ద వర్డ్స్ దట్ మేకెత్ మర్డర్’ చివర్లో 1958 నాటి సరదా రాక్ అండ్ రోల్ పాట ‘సమ్మర్‌టైమ్ బ్లూస్’లోంచి, నా కష్టం ఐక్యరాజ్యసమితికి చెప్పుకుంటే ఎలా ఉంటుందన్న ముక్క తెచ్చి పెట్టింది. పాత పాటలో అది పిల్లవాడి చిలిపి మాట. చెట్లకి వేలాడే శరీర భాగాల వర్ణన తర్వాత వస్తే అదే మాట గొంతులో అడ్డం పడుతుంది.

డెమో ఇక్కడ ఎందుకు కొనాలో టైటిల్ పాట ఒక్కటే చెప్తుంది. మొదట్లో ఆమె దాన్ని ‘ఇస్తాంబుల్ (నాట్ కాన్‌స్టాంటినోపుల్)’ అనే పాత హుషారు పాట శాంపిల్ (రికార్డులోంచి కత్తిరించి తెచ్చిన ముక్క) మీద కట్టుకుంది. 2010 ఏప్రిల్‌లో బీబీసీలో ఆండ్రూ మార్ షోలో, అప్పటి ప్రధాని గోర్డన్ బ్రౌన్ అతిథిగా ఉన్న రోజున, ఆ శాంపిల్‌తోనే పాడింది. ఆల్బమ్‌కి వచ్చేసరికి శాంపిల్ తీసేసి, ఆ వరసని జైలోఫోన్ మీద వాయించారు. డెమోలో పునాది కనపడుతుంది, ఆల్బమ్‌లో దాని నీడ మాత్రమే మిగిలింది. గల్లిపోలి కూడా టర్కీలోనే అని గుర్తుంటే ఆ నీడకి ఇంకో అర్థం వస్తుంది. అయితే అన్ని శాంపిల్స్‌నీ ఆమె తీసెయ్యలేదు. ‘ఇంగ్లండ్’లో ఎప్పటిదో ఒక కుర్దిష్ గాయకుడి గొంతునీ, ‘రిటెన్ ఆన్ ద ఫోర్‌హెడ్’లో జమైకా సంగీతకారుడు నైనీ ది అబ్జర్వర్ రెగే పాటనీ అలాగే ఉంచింది. ఏది నేరుగా వినపడాలి, ఏది వాసనగా మిగలాలి అన్న ఆ నిర్ణయం డెమో పక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది. ఈ జోడీ కూడా కొనాల్సిందే. ఆల్బమ్ 40 నిమిషాలు కాబట్టి ఎల్పీ మీద ఇబ్బంది లేదు.

‘ద హోప్ సిక్స్ డెమోలిషన్ ప్రాజెక్ట్’ (2016) బ్రిటన్ చార్టులో ఆమెకి దక్కిన మొదటి నంబర్ వన్. 2015లో లండన్ సోమర్సెట్ హౌస్‌లో అద్దాల గది కట్టి అందులో రికార్డు చేశారు. టికెట్ కొన్నవాళ్లు బయటనుంచి చూడొచ్చు, లోపలివాళ్లకి బయటివాళ్లు కనపడరు. ఫొటోగ్రాఫర్ షేమస్ మర్ఫీతో కలిసి కొసావో, ఆఫ్ఘనిస్థాన్, వాషింగ్టన్ తిరిగి రాసుకున్న నోట్సే ఈ పాటలు. చిన్నప్పుడు నేర్చిన శాక్సాఫోన్ మళ్లీ తీసింది, అది బాగుంది. మాటలు మాత్రం నోట్‌బుక్‌లోంచి పూర్తిగా లేచి రాలేదు. చూసింది చూసినట్టు చెప్పింది, పాట కావడానికి ఇంకో మెట్టు మిగిలిపోయింది. వాషింగ్టన్‌లో ఒక పేటని వర్ణించిన తీరు మీద అక్కడి నాయకులే అభ్యంతరం చెప్పారు, వాళ్ల బాధలో న్యాయం ఉంది. ఆల్బమ్ స్ట్రీమింగ్‌లో వినండి, డెమో వదిలెయ్యండి.

2023లో పార్టిజన్ లేబుల్ మీద వచ్చిన ‘ఐ ఇన్‌సైడ్ ది ఓల్డ్ ఇయర్ డయింగ్’ ఈ సిరీస్‌లోది కాదు, దానికి డెమో ఆల్బమ్ కూడా లేదు. డోర్సెట్ మాండలికంలో ఆమె రాసిన ‘ఓర్లమ్’ (2022) అనే కావ్యంలోంచి పుట్టిన పాటలవి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకి కూడా సగం మాటలు తెలియవు. మొదటి రెండుసార్లు అర్థం వెతక్కుండా ధ్వని కోసం వినండి. ఆ తర్వాత మాటల దగ్గరికి వెళ్లొచ్చు.

59 పాటల సెట్ ‘బీ-సైడ్స్, డెమోస్ అండ్ రేరిటీస్’ ఆరు ఎల్పీలుగానూ, మూడు సీడీలుగానూ దొరుకుతుంది. నా సలహా సీడీలు. ఇది కూర్చుని వరసగా వినే రికార్డు కాదు, కావాల్సిన ముక్కని వెతికి తీసుకునే అలమర. ఆరు ఎల్పీల్లో ఒక్కో పాట కోసం లేచి డిస్కు మార్చుకోవడం విసుగు. దీనిలో మొదటి అయిదు పాటల్నీ చూడండి: ‘డ్రై’, ‘మ్యాన్-సైజ్’, ‘మిస్డ్’, ‘హైవే 61 రీవిజిటెడ్’, ‘మీ-జేన్’ డెమోలు. ‘ఫోర్-ట్రాక్ డెమోస్’లోని ఎనిమిదికి ఈ అయిదు కలిపితే ‘రిడ్ ఆఫ్ మీ’ 14 పాటల్లో 13కి డెమో దొరికినట్టే. మిగిలిన ‘మ్యాన్-సైజ్ సెక్స్‌టెట్’ ఎలాగూ ‘మ్యాన్-సైజ్’కే తీగ వాయిద్యాల రూపం. ఆ పద్నాలుగింటి వరసలో ఈ పదమూడిటినీ ప్లేలిస్టుగా పేర్చుకుంటే, అధికారికంగా ఎవరూ వెయ్యని ‘రిడ్ ఆఫ్ మీ’ డెమో ఆల్బమ్ మీ దగ్గర తయారవుతుంది. సెట్‌లో ఆఖరి పాట ‘రెడ్ రైట్ హ్యాండ్’. పీకీ బ్లైండర్స్ కోసం వచ్చినవాళ్లకి కావాల్సింది అదే.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. ఆల్బమ్, డెమో ఎల్పీల పేర్లు దాదాపు ఒకటే, చివర ‘డెమోస్’ అన్న మాట ఒక్కటే తేడా. అమ్మే పేజీలో కవర్ ఫొటో పోల్చుకోండి, డెమోలకి వేరే ఫొటోలు వాడారు. విదేశం నుంచి తెప్పించుకుంటే రికార్డు ధర మీద రవాణా, దిగుమతి సుంకం, పన్ను పడతాయి. అవి ధరలో కలిపారో లేదో ముందే అడగండి. మూడు ఎల్పీలు కలిపి తెప్పిస్తే రవాణా ఖర్చు మామూలుగా మూడింతలు అవ్వదు కాబట్టి విడివిడిగా కాకుండా ఒకేసారి తెప్పించుకోవడం లాభం. పార్సిల్ విప్పగానే ఎల్పీని టర్న్‌టేబుల్ మీద పెట్టి, సూది దించకుండా తిప్పి, పక్కనుంచి కళ్ల ఎత్తులో చూడండి. అంచు పైకీ కిందకీ ఊగుతుంటే వంకర పోయినట్టే. వీడియో తీసి అమ్మినవాళ్లకి వెంటనే పంపండి, ఆలస్యమైతే ఎండలో పెట్టారంటారు.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు ఉండేవాళ్లు లోపలి కాగితపు కవర్లు మార్చెయ్యండి. తీరం తేమకి కాగితం బూజు పడుతుంది, ఆ బూజు గాళ్లలోకి పాకుతుంది. ప్లాస్టిక్ పొర ఉన్న లోపలి కవర్లు వాడి, ఎల్పీలని నిలువుగా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే మన ఎండాకాలంలో అడుగున ఉన్నది ముందు వంగుతుంది.